పూల గుడ్డ అంటించిన పెట్టె

"చింపొద్దు!"

అనలిన్ చేతిలో కత్తి ఆగిపోయింది. హాంకాంగ్ నుంచి తనకంటే రెండు రోజుల ముందే ఓడలో వచ్చి చేరిన పెద్ద అట్టపెట్టె అది. సబ్బులు, పాలపొడి, చాక్లెట్లు, తువ్వాళ్లు అన్నీ బయటికి తీసేశారు. ఖాళీ పెట్టెను మడిచి మూల పడేద్దామని అంచున కత్తి ఆనించిందో లేదో, ఎనిమిదేళ్ల కూతురు టింటిన్ పరుగెత్తుకొచ్చి పెట్టెను వాటేసుకుంది.

అనలిన్ ఇంటికొచ్చి మూడు రోజులైంది. పిల్ల తనను ఒక్కసారైనా అలా వాటేసుకోలేదు.

"వట్టి అట్టే కదే!"

"నాకు కావాలి. పెద్దమ్మా, నువ్వు చెప్పు!"

వంటింట్లో చేపలు వేయిస్తున్న అనలిన్ అక్క పసీత అట్లకాడతోనే గుమ్మంలోకి వచ్చింది. "దాని జోలికి పోకు చెల్లీ. ఈ ఇంట్లో పెట్టె చింపితే కొంప మునిగినట్టే. ఒకసారి చుట్టూ చూడు, అన్నీ నువ్వు పంపినవే."

నిజమే. అనలిన్ పంపిన డబ్బా ఒక్కటీ చెత్తలోకి పోలేదు. పాలపొడి డబ్బాలు గళ్ల గుడ్డ కట్టుకుని గరిటెలు మోస్తున్నాయి. అడ్డంగా కోసిన షాంపూ సీసాలు గోడకు వేలాడుతున్నాయి, దువ్వెనలతో, పెన్సిళ్లతో. కాఫీ పొట్లాల రేకులు అల్లిన బుట్టలో ఉల్లిపాయలు. అట్టపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, బహుమతుల మీది రంగు కాయితాలు అంటించి, బొత్తాలే పిడులుగా కుట్టి సొరుగుల బీరువా చేశారు. అంతా పెద్దమ్మా, టింటిన్ కూర్చుని చేసిన పనే. ఎందులో ఏముందో వాళ్లిద్దరికే తెలుసు.

"టింటిన్, సూదెక్కడుందే?"

"నీలం డబ్బాలో. అది కాదు, దాని పక్కది. ఉండండి, నేనే తీసిస్తా."

ఉండండి అంది. ఇంటికొచ్చిన చుట్టంతో అన్నట్టు. అనలిన్ సూది అందుకుని, ఏం కుట్టాలనుకుందో కాసేపు గుర్తు రాక అలాగే కూర్చుంది.

"రా, జడ వేస్తాను," అంది కాసేపటికి.

"పొద్దునే పెద్దమ్మ వేసేసింది."

హాంకాంగ్‌లో తను పనిచేసే ఇంట్లో ఇంకొకరి పిల్లకు రోజూ జడలు వేసే చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

ఆ రోజు మొదలు టింటిన్‌కు ఆ పెట్టే లోకమైపోయింది. బడి నుంచి రాగానే పిండి ఉడికించి జిగురు చేసుకునేది. పసీత ఇచ్చిన పాత కర్టెన్, గులాబీ పూలది, సాపు చేసి పెట్టెకు బయటా లోపలా అంటించింది. అంచుల వెంట లేసు. లోపలి గోడలకు మూడు జేబులు. అడుగున దూది కుక్కిన మెత్త.

"నేనూ అంటిస్తానే," అంది అనలిన్ పక్కన చేరి.

"వద్దు. ఇది నేనొక్కదాన్నే చేయాలి."

"బట్టలు పెట్టుకోడానికా?"

టింటిన్ తల అడ్డంగా ఊపింది.

"మరి బొమ్మలకా?"

"చెప్పను."

ఆదివారం మేకు తెచ్చి పెట్టె పక్కలకు వరసగా చిల్లులు పొడిచింది. "అయ్యో, ఇంత అందంగా చేసి మళ్లీ ఇదేం పనే?" అంది అనలిన్.

"ఉల్లిపాయలకేమోలే," పసీత నవ్వింది. "ఆ బుట్ట చాలట్లేదని మొన్న నేనే అన్నాను."

అనలిన్ నవ్వలేకపోయింది. పిల్ల పెరటిలోకి వెళ్లాక, అన్నం తింటూ అక్కను మెల్లగా అడిగింది. "ఉల్లిపాయలకు కూడా పెట్టె చేస్తోంది. ఇన్ని చేశారు కదక్కా, నాకంటూ ఒక్క సొరుగైనా లేదా? నా బట్టలు ఇంకా మంచం కింద సూట్‌కేసులోనే ఉన్నాయి."

"నువ్విక్కడ ఉంటే కదే, సొరుగు ఉండడానికి?" అనేసింది పసీత. అన్నాక నొచ్చుకుంది. చెల్లెలి పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసింది.

పన్నెండు రోజుల సెలవు ఇట్టే అయిపోయింది. ఇక్కణ్ణుంచి పడవలో ఇలోఇలో పట్నానికి దాటి, అక్కడ హాంకాంగ్ విమానం ఎక్కాలి. పొద్దున్నే రేవుకు వెళ్లే ట్రైసికిల్ ఆటో వీధిలో హారన్ కొడుతోంది.

"టింటిన్! ఒసేయ్ టింటిన్!" పసీత పెరడంతా వెతికింది. "ఇప్పటిదాకా ఇక్కడే ఉంది. ఎటు పోయిందో!"

"పోనీలే అక్కా. నేను వెళ్లడం చూడలేక దాక్కుందేమో," అంది అనలిన్. అలా అనుకుంటేనే కాస్త తేలికగా ఉంది. అసలు తను వెళ్తున్న సంగతే పిల్లకు పట్టలేదేమోనన్న మాట నోటిదాకా రానీయలేదు.

సూట్‌కేసు ఈడ్చుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. గుమ్మానికి అడ్డంగా గులాబీ పూల పెట్టె. మూత వేసి, పైన రిబ్బను పువ్వు అంటించి ఉంది. ఒక పక్కన రంగు పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు: 'అనలిన్‌ది. హాంకాంగ్.'

అనలిన్ వంగి ఆ అక్షరాలు తడిమింది. "నాకే అక్కా! ఇది నాకోసం చేసింది!"

రెండు చేతులూ అడుగుకు పోనిచ్చి లేపబోయింది. పెట్టె కదల్లేదు.

"ఇంత బరువుందేమిటే? ఏం నింపింది ఇందులో?" అంది పసీత.

చిల్లుల్లోంచి చిన్న గొంతు వినిపించింది. "అమ్మా, విమానంలో ఇరవై మూడు కేజీల దాకా పట్టుకెళ్లనిస్తారటగా. కొట్లో తూకం చూసుకున్నాను, నేను ఇరవై ఒకటే ఉన్నాను."