ఎత్తని చెయ్యి

నుకుయి సెందాయి నుంచి యమగాతాకి బస్సు తోలుతాడు. సెగావా అటు నుంచి ఇటు. రోజూ చీకటి పడ్డాక కొండ మీద సొరంగం దగ్గర రెండు బస్సులూ ఎదురుపడతాయి. అప్పుడు డ్రైవర్లు తెల్ల గ్లౌజు చెయ్యి ఎత్తి పలకరించుకోవడం ఆనవాయితీ. సెగావా ఎత్తేవాడు. నుకుయి ఎత్తేవాడు కాదు. నుకుయి భార్య చిజురు యమగాతాలోని ఆఫీసు నుంచి సెందాయిలోని ఇంటికి సెగావా బస్సులోనే వెళ్తుంది, ముందు సీట్లో కూర్చుని, నవ్వుతూ.

ఆ రాత్రి మంచు కురుస్తోంది. ఎదురు బస్సు వచ్చింది. ముందు సీట్లో చిజురు పగలబడి నవ్వుతోంది. మసకబారిన అద్దం వెనక డ్రైవరు ముఖం కనబడలేదు. అతని చెయ్యి మాత్రం స్టీరింగు మీంచి లేవలేదు.

'నా భార్యే పక్కనుంటే ఇంకా నాకు పలకరింపు దేనికి అనుకున్నాడు కాబోలు సెగావా!' నుకుయి పళ్ళు కొరికాడు.

యమగాతా డిపోలో సెగావా టీ తాగుతూ కనిపించాడు. నుకుయి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నువ్విక్కడున్నావేంటి? నీ బస్సేదీ?"

"భలేవాడివన్నా! ఈ ట్రిప్పు నేను తోల్తానంటూ తాళాలు లాక్కుపోయింది నువ్వేగా? బస్సు కదిలేటప్పుడు నేను చెయ్యెత్తినా ఎప్పట్లాగే బిగుసుకుని వెళ్ళిపోయావు. నిన్ను చూసి వదిన ఎంత మురిసిపోయిందో! అవునూ, అప్పుడే ఎలా తిరిగొచ్చావు?"

నుకుయి జేబులో ఫోను మోగింది. చిజురు మెసేజ్.

"బస్సు ఆపాక చూసుకో. నువ్వింత నవ్విస్తావని నాకు తెలీదు. మన స్టాపు ఎప్పుడో దాటేశావు. పర్లేదు, ఇవాళ నీతో ఎంత దూరమైనా వస్తాను."