లాల్ అహమ్మద్ పొరపాటు

"మోటారు కాలిపోయిండాదిమ్మా. నీళ్లు బయటికి తోసేది అదే. కొత్తది ఎయ్యాల్సిందే," అన్నాడు లాల్ అహమ్మద్, గిన్నెలు కడిగే మిషన్ మీద చెయ్యి ఆనించి.

మిషన్ అడుగున సబ్బు నీళ్లు నిలిచిపోయి ఉన్నాయి. ప్రసన్నకుమారి నెత్తి పట్టుకుంది. కోడుమూరులో పుట్టింటి నుంచి అప్పుడే దిగింది, వస్తూనే ఈ వాసన. భర్త జయకుమార్ ఆఫీసుకు పోతూ లాల్ అహమ్మద్‌ను ఫోన్లో రమ్మని చెప్పి పోయాడు. కర్నూలులో మోటార్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు మరి.

"నేనొకసారి చూస్తా నాయనా," అంది పక్కనున్న శిరీన్.

"నీ కూతురా అప్పా? స్క్రూడ్రైవర్లు అందిచ్చేదానికి వచ్చిందనుకుంటి. ఆడపిల్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి?" అంది ప్రసన్నకుమారి.

శిరీన్ మొహం మాడిపోయింది. ఏ ఇంటికి పోయినా ఇదే మాట. పనంతా నేర్చుకుంది గానీ, ఒక్కరూ మిషన్ మీద చెయ్యి వేయనివ్వరు.

"చూడనీలేమ్మా, చూస్తే అరిగిపోతాదా!" అన్నాడు లాల్ అహమ్మద్.

శిరీన్ మిషన్ ఆన్ చేసి, వెనక పైపు పట్టుకుంది.

"మోటారు బాగుండాది నాయనా. నీళ్లు పోతాండాయి, మళ్లా ఎనక్కి వస్తాండాయి."

"నాకే చెప్తాండావా? కాలిందంటే కాలింది!"

శిరీన్ వినలేదు. పైపు వెంబడే కిటికీ దాకా పోయి తొంగి చూసింది. పైపు గోడ పట్టుకుని ఎక్కి, డాబా మీది డ్రమ్ములో దూరి ఉంది.

"అక్కా, ఇంత చిన్న మోటారు నడుమెత్తు దాకా తోస్తాది. డాబా మీదికి యాడ ఎక్కిస్తాది?"

"మా ఆయన పనే! ఎండాకాలం వస్తే చాలు, చుక్క పారబోయనీడు. చెట్లకంటాడు."

శిరీన్ పైపు కిందికి దించి పెరట్లో బకెట్లో పెట్టింది. నీళ్లు గడగడా పోయాయి.

"ఏమప్పా, కూతురు నిన్నే మించిపాయనే! ఇంకోసారి నువ్వు రావొద్దు, పాపను పంపు. మా వీధిలో అందరికీ చెప్తా," అని నవ్వింది ప్రసన్నకుమారి.

అంత పేరున్న మనిషి పరాయి ఇంట్లో తప్పు చెప్పి దొరికిపోయాడు. అయినా మీసం దువ్వుకుంటూ దర్జాగా బయటికొచ్చాడు. ముందు నడుస్తున్న కూతుర్ని చూస్తుంటే ఆయన ఛాతీ ఉప్పొంగింది.

శిరీన్ వీధిలో స్కూటర్ తీస్తుండగా, గేటు దగ్గర జయకుమార్ ఎదురొచ్చాడు.

"ఏందప్పా ఆ మిషన్ రోగం?"

"పైపు డాబా మీదుండె సార్. మా పాప కనిపెట్టేసింది!"

జయకుమార్ వింతగా చూశాడు.

"అది పొద్దున నేనే నీకు ఫోన్లో చెప్పినా కదప్పా!"