నాలుగున్నర టన్నుల ఇల్లు

"ఇల్లు ఎంతదైతే నీకెందుకయ్యా? పది టన్నులని రాసెయ్," అన్నాడు బర్రాక్. "బేరమాడితే, పక్కింటివాళ్లు పన్నెండు పెట్టించుకున్నారని చెప్పు. వాళ్లే పధ్నాలుగు అడుగుతారు."

కువైట్‌లో ఇంటి మొత్తానికీ కలిపి ఒకే ఏసీ బిగించే వ్యాపారం బర్రాక్‌ది. ఇల్లు కొలిచి, ఎన్ని టన్నుల మిషన్ కావాలో చెప్పే ఉద్యోగం వగ్దీది. ఈజిప్టు నుంచి వచ్చిన ఈ వగ్దీకి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడబోతే ముందు చెవులు ఎర్రబడతాయి.

"అయ్యా, ఆ ఇంటికి ఐదే సరిపోతేనో?"

"ఐదు అమ్మి నువ్వు బాగుపడ్డట్టే! ఈ ఎండాకాలంలో నీ లెక్కలు విని ఒక్కరైనా సంతకం పెట్టారా? శనివారం దాకా చూస్తాను. ఒక్కటంటే ఒక్క సంతకం తే. లేదా నువ్వూ నీ టేపూ కలిసి కైరో విమానం ఎక్కండి."

కైరోలో వగ్దీ కోసం ఉద్యోగమేదీ ఎదురు చూడటం లేదు. ఇద్దరు పిల్లల బడి ఫీజులు మాత్రం ఎదురు చూస్తున్నాయి.

మర్నాడే ఒక పెద్దావిడ ఫోను చేసి, ఏసీ చచ్చిపోయింది, వచ్చి ఇల్లు కొలవమంది. వెళ్లేసరికి పాతకాలపు ఒంటి అంతస్తు ఇల్లు. గేటు పక్క రాతి మీద 'అబూ గానిమ్', అంటే గానిమ్ నాన్న, అని ఇంటాయన పేరు చెక్కి ఉంది. అలాగైతే ఇంటావిడ ఉమ్ గానిమ్, గానిమ్ అమ్మ. తలుపు తెరుచుకోగానే వగ్దీ తల దించుకున్నాడు.

"సలాం, ఉమ్ గానిమ్!"

"రా నాయనా, రా. నీకంటే ముందు ఇద్దరొచ్చారు. గుమ్మంలో నిలబడే ఒకడు పదన్నాడు, ఇంకొకడు పన్నెండన్నాడు. కొలవనివాడితో నాకేం పని? పొమ్మన్నాను."

వగ్దీకి కళ్లు చెమర్చినంత పనైంది. ఇలాంటి మాట చెప్పే మనిషి కోసం ఆరేళ్లుగా ఆ ఊరంతా తిరుగుతున్నాడు.

పరాయి ఇంటి ఆడవాళ్ల ముఖంలోకి చూడటం మర్యాద కాదు. అందుకని ఆమెతో మాట్లాడిన మాటలన్నీ అతను తన టేపు వంక చూస్తూనే మాట్లాడాడు. కంటపడిందల్లా ఒళ్లంతా కప్పే ఆమె నల్లటి అబాయా అంచు ఒక్కటే.

"పెద్దది పెడితే ఇంకా చల్లగా ఉండదూ?" అందావిడ వెనకాలే నడుస్తూ.

"ఒక్కరు తినే మజ్బూస్ మాంసం పులావుకి పెళ్లి డేగిసా ఎక్కిస్తారా అమ్మా? పెద్ద మిషన్ ఐదు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలో చెమ్మ మాత్రం అలాగే ఉంటుంది. ఒళ్లంతా జిగట. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. అలా తన్నుకుని తన్నుకుని నాలుగేళ్లకే పోతుంది."

"చిన్నదైతే?"

"రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతుంది. అయినా మీకు చెమట ఆరదు. అందుకే కొలవాలి. కప్పు ఎత్తు, పడమటి కిటికీలు, గోడల మందం... గోడలే ముఖ్యం."

"అయితే గోడలే బాగా చూడు నాయనా."

ఆవిడ కాఫీ ఇస్తానని కప్పుల కోసం మూడు అలమరాలు తెరిచింది. "ముసలితనం, పెట్టిన చోటు గుర్తుండి చావదు," అని విసుక్కుని, చివరికి ఖర్జూరాలు పెట్టింది.

వగ్దీ బయటా కొలిచాడు, లోపలా కొలిచాడు. గదుల పొడవులు, గోడల మందాలు కూడి చూసి కనుబొమలు ముడిచాడు. బయటి పొడవు కంటే లోపలిది మీటరు తక్కువొచ్చింది!

"మళ్లీ కొలు," అంది ఆవిడ మెల్లగా.

మూడుసార్లు కొలిచినా అదే మీటరు. మగవాళ్లు కూర్చునే దివానియాకీ, దాని పక్క గదికీ నడుమ ఉన్న గోడను వగ్దీ వేలితో తట్టాడు. బొంయ్‌మంది.

"బోలు గోడ! మేస్త్రీ మీవాళ్లను ముంచేశాడమ్మా. మీటరు స్థలం మింగేశాడు."

"ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా బోలు?"

"ఇదిగో, ఈ మూల నుంచి సరిగ్గా రెండు మీటర్ల దాకా. మీరేం బాధపడకండి. బోలు గోడ వేడిని ఆపుతుంది. ఐదు టన్నులు కూడా అక్కర్లేదు, నాలుగున్నర చాలు!"

ఆవిడ పకపకా నవ్వింది. "నీ చేతులు చల్లగుండ! నీలా కొలిచేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. శనివారం కాగితాలు పట్రా, సంతకం పెడతాను."

శనివారం పొద్దున వగ్దీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారిలో బర్రాక్‌కి ఫోను చేసి, "పెన్ను తీసుకుని వెళ్తున్నానయ్యా," అని కాస్త గర్వంగానే చెప్పాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. గుమ్మంలో నల్ల అబాయా అంచు కనిపించగానే అలవాటుగా తల దించాడు. నేలంతా సున్నం పెళ్లలు. ఓరగా చూస్తే దివానియా గోడకి మనిషి పట్టేంత కన్నం! తన మాట మీద ఇంత గురి ఉన్న మనిషిని అతను జన్మలో చూడలేదు.

"అయ్యో, ఎంత తొందరమ్మా ఉమ్ గానిమ్! ఆ స్థలాన్ని గదిలో కలుపుకోవాలంటే నాతో ఒక్కమాట అనకూడదూ? బోలు గోడ పోయింది, ఇప్పుడు నా లెక్క మారిపోతుంది. మళ్లీ ఐదు టన్నులు కావాలి!"

"ఉమ్ గానిమ్‌ని నేనేగానీ, నువ్వెవరు నాయనా?" అంది వణుకుతున్న ఒక కొత్త గొంతు. "పదిరోజులు మక్కాలో ఉండి ఇప్పుడే దిగాను. మా ఆయన తాతలనాటి ముత్యాలు ఏ గోడలో దాచాడో నలభై ఏళ్లు కాపురం చేసిన నాకే చెప్పకుండా కన్నుమూశాడు, మరి ఆ దొంగకెవడు చెప్పాడు?"