లెక్కల టీచరు ఇంటి ఆరా

"ఆ లెక్కల టీచరుతో ఉండే ఆవిడ నిజంగానే చుట్టమా అమ్మా?"

పెద్ద టీచరు చేతిలో కలం ఆగింది. ఎదురుగా కూర్చున్నది బజారు వీధిలో బట్టలు కుట్టే మనిషి. కూతురు ఇక్కడే తొమ్మిదో తరగతి. పని గిరాకీ వేళ మిషను మూసి వచ్చిందంటే విషయం చిన్నది కాదు.

ఈ నెలలో ఇలాంటి ఆరా ఇది నాలుగోది. మొదట వచ్చిన తండ్రి కేకలేశాడు. తర్వాతాయన అర్జీ పెట్టాడు. మూడో ఆవిడ పిల్లని బడి మాన్పిస్తానంది. ఆ పోరు పడలేకే లెక్కల టీచరుకి బదిలీ కాగితం రాయించింది పెద్ద టీచరు. పదకొండేళ్ళుగా ఒక్కరోజైనా ఆలస్యంగా రాని మనిషిని పంపడానికి మనసొప్పక, సంతకం మాత్రం రోజూ వాయిదా వేస్తోంది.

"చుట్టం కాదు, నర్సు. ఇద్దరాడవాళ్ళూ ఆలుమగల్లా కలిసే బతుకుతున్నారు. జనం అనుకునేది అబద్ధం కాదు."

"ఎన్నాళ్ళనించి?"

"తొమ్మిదేళ్ళు."

కుట్టుపనావిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు?"

"ఒకరికొకరు. కిందటేడు టీచరుకి కాలు విరిగితే ఆ నర్సే రోజూ బండి మీద దింపి వెళ్ళేది."

"పుట్టింటివాళ్ళు వస్తారా?"

"తల్లి వస్తుంది. తండ్రి గడప తొక్కడు."

"తల్లి వస్తుందన్నమాట," అని గొణుక్కుంది.

పెద్ద టీచరుకి ఒళ్ళు మండింది. కేకలేసినవాళ్ళే నయం. ఈవిడ తియ్యగా కూపీ లాగుతోంది. సాయంత్రానికల్లా వీధి వీధంతా దండోరా!

"ఆ టీచరమ్మ సంతోషంగానే ఉంటుందా అమ్మా?"

ఆ సంగతి పెద్ద టీచరు ఎన్నడూ గమనించలేదు. విసుక్కుంది.

"మీకెందుకమ్మా అవన్నీ? మీ భయమేమిటో నాకు తెలుసు." కాగితం లాగి గబగబా సంతకం చేసేసింది. "ఇదిగో, సోమవారం నుంచి ఆవిడ ఈ బళ్ళో ఉండదు. ఇక నిశ్చింతగా వెళ్ళండి."

కుట్టుపనావిడ లేవలేదు. సూదిపోట్లు పడ్డ వేళ్ళతో ఆ కాగితాన్ని బల్లకేసి అదిమిపట్టింది.

"అయ్యో, నేనడగడమే తప్పయిపోయింది. చింపెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"అదేమిటి? మీరొచ్చింది ఇందుకే కదా?"

ఆమె ఓసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మా అమ్మాయికి తనలాంటి మనిషంటూ కనబడింది ఆవిడొక్కతేనమ్మా."