నడుస్తున్న బండి

ముఖ్తార్ తలుపు తీసేసరికి ఎవరో పెద్దాయన అతని మోటార్‌సైకిల్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

ఒక చేతిలో పానా. ఇంకో చేతిలో ఇంజన్ నుంచి ఊడదీసిన బోల్టు.

"హలో! వాట్ ఆర్ యూ డూయింగ్?"

"మర అరిగిపోయింది బాబూ. మారుస్తున్నా," అన్నాడాయన తెలుగులో, తలెత్తకుండానే.

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో, అదీ తన కార్‌పోర్టు షెడ్డులో తెలుగు మాట వినపడేసరికి ముఖ్తార్ కోపం సగంలో ఆగింది.

"మీరెవరండీ? మేం తెలుగువాళ్లమని మీకెలా తెలుసు?"

"ద్వారకానాథ్ అంటారు. వెనక యూనిట్‌లో అద్దెకు దిగాను. మీరూ అమ్మాయీ మెట్ల మీద పోట్లాడుకుంటుంటే తెలిసింది. తలుపు కొట్టాను, మీరు నిద్రలో ఉన్నారు. అమ్మాయి సరేనంది."

లోపల ముఖ్తార్ భార్య బాను కిసుక్కున నవ్వింది.

"బండి బాగానే నడుస్తోంది కదా అంకుల్?" అన్నాడు ముఖ్తార్.

"నడుస్తోంది కాబట్టే మారుస్తున్నా."

అది తొంభైతొమ్మిది డిసెంబరు. ఆకాశం నిండా మబ్బులు. వాన పడేది కాదు, ఉక్క తగ్గేది కాదు. ముఖ్తార్‌కి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు.

అతను ఒక మందుల గోదాములో కంప్యూటర్ మనిషి. దూరపు పల్లెలకు విమానంలో వెళ్లే మందులన్నీ అక్కడి పాత ప్రోగ్రామ్ చెప్పినట్టే కదులుతాయి. ఆ ప్రోగ్రామ్‌కి ఏడాది అంటే రెండంకెలే. సున్నా సున్నా వచ్చిందంటే పంతొమ్మిదివందల సంవత్సరం అనుకుంటుంది. ఏ మందుకు గడువుందో తెలియక అన్నీ ఆపేస్తుంది.

ముప్పై ఒకటిన సాయంత్రం షిఫ్టుకి అతను అక్కడ ఉండాలి. ఉంటే ఉద్యోగం పర్మనెంట్. లేకపోతే ఉద్యోగమూ పోతుంది, దానితో వీసా కూడా. గోదాముకు బస్సు లేదు. ఉన్నది ఈ పాత బండి ఒక్కటే.

"అయితే బండి ఉండాలి," అన్నాడు ద్వారకానాథ్ అంతా విని.

రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఒక బోల్టు తీసి, దాని చోట కొత్తది బిగించాకే ఇంకోదాని మీద చెయ్యి వేసేవాడు.

"అన్నీ ఒకేసారి విప్పేస్తే త్వరగా అయిపోతుందిగా అంకుల్?"

"ఇంజన్ కుదురు తప్పుతుంది. మిగతావి పట్టుకుని ఉండగానే ఒకటి మార్చుకోవాలి."

"మేమూ ప్రోగ్రామ్‌ని అలాగే మారుస్తున్నాం. ఆ రాసినవాడెవడో గానీ, నాకు దొరకాలి!"

"దొరికితే?"

"రెండంకెలు మిగుల్చుకుని ఏ మేడ కట్టావురా నాయనా అని అడుగుతా."

"అప్పట్లో కంప్యూటర్లో జాగా ఇరుకేమో బాబూ."

"సరే, తర్వాతైనా మార్చొచ్చుగా? ఒట్టి బద్ధకం!"

పానా కొంచెం గట్టిగా తిరిగింది.

"మార్చొచ్చు," అన్నాడు ద్వారకానాథ్.

తీసిన బోల్టుల్ని జేబులో వేసుకుని వెళ్లిపోయేవాడు. అదే ముఖ్తార్‌కి మింగుడు పడలేదు.

"ఒరిజినల్ బోల్టులు పట్టుకెళ్లి ఏం చేస్తున్నాడంటావ్?"

"ఊరుకోండి. ఆయన మనింట్లో కాఫీ కూడా తాగడు," అంది బాను.

"అందుకే నా డౌటు!"

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. ముఖ్తార్ గంట ముందే తయారై, హెల్మెట్ పట్టుకుని బయటికొచ్చాడు.

ఇంజన్ కింద చెక్క దిమ్మ. పక్కన పీట. పీట మీద ద్వారకానాథ్.

"ఈ రోజా అంకుల్!"

"ఇదొక్కటే మిగిలింది. ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేది ఇదే. నిన్నటి నుంచి నూనె పోస్తుంటే ఇప్పటికి కదిలింది. కాసేపు ఆగండి."

"నా ఉద్యోగం పోతుందండీ! ఎవరు చెయ్యి పెట్టమన్నారు? పాత బోల్టులు కావాలంటే అడిగి తీసుకోవచ్చుగా! నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకుంటారు?"

"ఏమండీ!" అంది బాను.

ద్వారకానాథ్ చెయ్యి ఆగిపోయింది. ఎప్పుడో విన్న మాటని మళ్లీ విన్నట్టు ముఖ్తార్ ముఖంలోకి చూశాడు. తర్వాత కొత్త బోల్టు బిగించి, గుడ్డతో తుడిచి, దిమ్మ తీసేశాడు.

"వెళ్లిరండి బాబూ," అన్నాడు.

ముఖ్తార్ వేళకే చేరాడు. ఏడాది మారింది. మందుల పెట్టెలు కదిలాయి. ఏమీ జరగలేదు.

తెల్లారి ఇంటికొచ్చి కాస్త నిద్రపోయి లేచేసరికి, బండి సీటు మీద ఒక పాత మైలో పాలపొడి డబ్బా ఉంది. నిండా బోల్టులు. ఒక్కటీ తగ్గలేదేమో అన్నంత బరువు.

అన్నిటికన్నా పొడుగుదాని నడుమ, దాదాపు అవతలి దాకా పాకిన సన్నటి చీలిక. రెండు చేతులా వంచాడు. పుటుక్కున విరిగింది.

వెనక యూనిట్‌కి పరుగెత్తాడు. తాళం.

"పొద్దున్నే బస్సెక్కేశారు," అంది బాను. "ఎక్కడికో చెప్పలేదు. రేడియోలో వార్తలు విన్నారట. ఇక్కడ చూడాల్సింది చూసేశాను అన్నారు."

సోమవారం గోదాములో కేకు కోశారు.

"ఏమీ కాలేదుగా! మీ కంప్యూటర్ వాళ్లు ఊరికే హడావిడి చేశారు," అన్నాడొక డ్రైవరు.

ముఖ్తార్‌కి ఒళ్లు మండింది. జేబులో విరిగిన బోల్టు ముక్క చేతికి తగిలింది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, రెండో చేత్తో కేకు ముక్క అందుకున్నాడు.

చివరికి మేనేజర్ హెదర్‌ని అడిగాడు. "ఇంతకీ ఆ రెండంకెల మహానుభావుడెవరు?"

హెదర్ కత్తి పక్కన పెట్టింది.

"అతన్నేమీ అనకు. మీ దేశం మనిషే. తను రాసింది తనే మారుస్తానని ఏటా వచ్చి అడిగేవాడు. 'నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకుంటావు ద్వారకానాథ్' అని ప్రతిసారీ మేమే తిప్పి పంపేశాం."