మెట్ల మీది కుంపటి

మెట్లెక్కి నగల షాపులోకి రావలసిన ఆవిడ, కింది మెట్టు దగ్గరే ఆగిపోయింది.

అక్కడ కూర్చున్న ముసలాయన చేతిలో గొలుసు పెట్టింది. ఆయన కుంపటి దగ్గరికి లాక్కుని, ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. కాసేపటికి ఆవిడ గొలుసు మెళ్ళో వేసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

అద్దాల తలుపులోంచి చూస్తున్న షాపాయనకి ఒళ్ళు మండిపోయింది. ఈ వారంలో ఇది మూడోసారి.

తను అతుకు పెడుతున్న గొలుసు వదిలేసి కిందికి దిగాడు.

"ఏమయ్యా, నీడన కూర్చుంటానంటే పోనీలే అనుకున్నాను. నా బేరాలకే ఎసరు పెడతావా?"

ముసలాయన తలెత్తి ఆయన కళ్ళల్లోకి ఓసారి చూసి, ఊదుగొట్టం పక్కన పెట్టాడు.

"రేపట్నుంచి ఈ ఛాయలకి రాకు."

"అలాగే బాబూ."

అంతే. కుంపటి చల్లారేదాకా ఆగి, సంచిలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

మూడు నెలలు గడిచాయి.

ఓ రోజు పొద్దున్న టీ తెచ్చినతను గ్లాసు బల్ల మీద పెడుతూ అన్నాడు, "మన మెట్ల మీది తాత పోయాడట సార్."

"ఎప్పుడు?"

"నెలయిందట."

"ఊఁ" అన్నాడు షాపాయన, చేతిలోని గాజుకి మెరుగు పెడుతూనే. అయ్యో అని కూడా అనిపించలేదు.

టీ చల్లారకముందే టీచరమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ నగలు ఇక్కడే చేయిస్తుంది. తెగిన గొలుసు ఆయన ముందు పెట్టింది.

"చేయించి రెండు నెలలు కాలేదండీ, అతుకు ఊడొచ్చింది."

ఆయన గొలుసుని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. భూతద్దం పెట్టాడు. తుడిచి మళ్ళీ పెట్టాడు. అతుకు ఉన్నచోట అలుక్కుపోయినట్టు కనబడుతోంది, అంతే.

ఈ మధ్య ఇలా తిరిగొచ్చినవి సొరుగులో ఇంకో తొమ్మిది ఉన్నాయి.

"ఇన్నేళ్ళలో మీరు ఒక్కటీ వెనక్కి తేలేదు కదమ్మా?"

టీచరమ్మ చీర కొంగు సర్దుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు గుమ్మం వైపు చూసింది.

"నాలుగేళ్ళుగా ఊడుతూనే ఉన్నాయండీ. మా ఒక్కళ్ళవే కాదు. కింద ఆ తాత అతికిచ్చేవాడు, మేము పట్టుకుపోయేవాళ్ళం."

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశాడు.

"మరి... కూలి?"

"ఎంత బతిమాలినా తీసుకునేవాడు కాదు. 'అయ్యగారికి చూపు ఆనట్లేదమ్మా, ఆయనతో అనకండి, ఇదంతా మా షాపు పనే' అనేవాడు."