జింకలకు కాపలా

“ఆపండి బాబాయ్! ఆ మోతకు చచ్చినవాళ్లు కూడా లేచి కూర్చుంటారు!”

నేజా అరుపు లోయ్జెకు వినబడిందో లేదో. అడవిదారి మలుపులో నిలబడి గిన్నె మూతను గరిటెతో బాదుతూనే ఉన్నాడు. రోడ్డు అంచుకు వచ్చిన రెండు జింకలు గిరుక్కున తిరిగి చెట్లలోకి దూకాయి. అప్పుడు గానీ ఆయన గరిటె దించలేదు.

నేజాకు ఒళ్లు మండిపోయింది. కొల్పా లోయకు వేట అధికారిగా వచ్చి ఇంకా నెల తిరగలేదు. ఈ ఏడాది ఆడజింకలను వేటాడే పర్మిట్లు రెట్టింపయ్యాయి, డిసెంబరు దాటకుండా ఆ లెక్క పూర్తి కావాలి. వేటగాళ్లు మంచెలెక్కి కూర్చోవడం, సరిగ్గా జింకలు బయటికొచ్చే వేళకు ఈయన మోత మొదలుపెట్టడం! నాలుగు చీవాట్లు పెట్టమంటే వేటసంఘం పెద్ద ద్రాగో తల దించుకున్నాడు. “నువ్వే మాట్లాడమ్మా. లోయ్జె ముఖం చూసే ధైర్యం మాకెవరికీ లేదు” అన్నాడు. తుపాకులు పట్టినవాళ్లు గరిటె పట్టినవాడికి జడుస్తున్నారని నేజా లోలోపల నవ్వుకుంది కూడా.

“జింకలంటే అంత ప్రేమా బాబాయ్ మీకు?”

“ఒకప్పుడు ఉండేది.”

“మరి ఈ బాజా ఎందుకు?”

“అడవిలో ఎన్నయినా కొట్టుకోండి, నేనడ్డు రాను. ఈ రోడ్డు మీదికి మాత్రం రానివ్వను.”

“రోడ్డు మీద కారు గుద్ది చచ్చినా మా లెక్కలోనే రాసుకుంటాం బాబాయ్. ఓ తూటా మిగిలినట్టే!”

ఇదివరకు పనిచేసిన చోట వేటగాళ్లందరూ వేసే జోకే అది. లోయ్జె నవ్వలేదు. ముఖం తిప్పుకుని రోడ్డు వైపు చూశాడు. నొచ్చుకున్నాడేమో అనుకుని నేజా మెత్తబడింది.

“కోపం తెచ్చుకోకండి. అసలు తప్పు మీది కాదులెండి. పదేళ్ల కిందట ఎవరో పుణ్యాత్ముడు వేటసంఘం మీటింగులో ఏడ్చి మొత్తుకుని ఆడజింకల పర్మిట్లు ఆపించాడట. ఇప్పుడు చూడండి, మంద పెరిగి పెరిగి అడవిలో మొలకన్నది మిగల్లేదు. ఆకలికి తోటల మీదా రోడ్ల మీదా పడుతున్నాయి.”

“ఆ పుణ్యాత్ముణ్ణి నేనే.”

నేజా నాలుక కరుచుకుంది.

“మా ఉర్ష్కాకు అప్పుడు తొమ్మిదేళ్లు” అన్నాడు లోయ్జె. “మా వేటగాళ్ల ఆనవాయితీ ప్రకారం, నేను కొట్టిన జింక నోట్లో ఆఖరి ముద్దగా ఆకుకొమ్మ పెడుతున్నాను. చూస్తే పొదుగులో పాలున్నాయి. పిల్ల ఎక్కడో పొదల్లో అరుస్తోంది. ‘అమ్మల్ని చంపొద్దు నాన్నా’ అని నా కూతురు నా కాళ్లు చుట్టేసుకుంది. పర్మిట్లు ఆపిస్తానని మాటిచ్చేదాకా ముద్ద ముట్టలేదు.”

నేజాకు కళ్లు చెమర్చాయి. కూతురికిచ్చిన మాట కోసం ఇంత చలిలో రోజూ నిలబడుతున్నాడన్నమాట, పిచ్చితండ్రి!

“ఇప్పుడు పెద్దదయ్యే ఉంటుందిగా బాబాయ్. నేను మాట్లాడతాను. నచ్చజెబితే అర్థం చేసుకుంటుంది.”

లోయ్జె నోరు తెరిచేలోగా వంపు అవతల కారు దీపాలు మెరిశాయి. పొదల్లోంచి ఓ జింక తల బయటపెట్టింది. ఆయన పూనకం వచ్చినవాడిలా మూత బాదుకుంటూ పరుగెత్తాడు. జింక వెనక్కి మళ్లింది. కారు నడుపుతున్న అమ్మాయి, పిచ్చా అన్నట్టు కణతకు వేలు ఆనించి చూపి వెళ్లిపోయింది. లోయ్జె జింక పోయినవైపు చూడనే లేదు. కారు ఎర్రదీపాలు కనుమరుగయ్యేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాడు.

“చెప్పండి బాబాయ్, ఉర్ష్కా ఇప్పుడెక్కడుంటుంది?”

లోయ్జె కాళ్ల దగ్గరి తారురోడ్డు మీదికి చూపు దించాడు.

“పోయిన చలికాలం ఇక్కడే దాని కారుకు జింక అడ్డమొచ్చిందమ్మా.”